డాలస్ దగ్గరే... శంషాబాదే దూరం!

హన్మకొండ. రాత్రి తొమ్మిదిన్నర. వాకిట్లో కారు ఆగి ఉంది. డిక్కీలో రెండు పెద్ద సూట్‌కేసులు. ఒక్కోటీ 23 కిలోలు. వేలాడే కాంటాకు తగిలించి మూడుసార్లు తూచారు. రెండోదాంట్లో కాస్త ఎక్కువ తూగితే తల్లి సకినాల పొట్లం ఒకటి తీసి చేతిసంచీలో సర్దింది. మామిడి తొక్కు మాత్రం తియ్యనివ్వలేదు. తండ్రి ఇంట్లోకీ బయటికీ తిరుగుతున్నాడు. ‘పాస్‌పోర్టు పెట్టుకున్నవా?’ అని అడగడం అది ఐదోసారి.

విమానం తెల్లవారుజామున నాలుగున్నరకు. ఇంకా ఏడు గంటల టైముంది. ‘ఇప్పుడే ఎందుకు బయల్దేరుతున్నరు?’ అని పక్కింటివాళ్ళెవరూ అడగరు. ఆ వీధికి ఇది అలవాటే. 1959లో వరంగల్‌కు రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. అదే ఏడాది కాకతీయ వైద్య కళాశాల మొదలైంది. ఆ తర్వాత ఇంజినీర్లూ డాక్టర్లూ విదేశాలకు వెళ్ళడం మొదలుపెట్టారు. సాఫ్ట్‌వేర్ రోజులొచ్చాక ఎమ్మెస్ చదువుల కోసం వెళ్ళేవాళ్ళు వాళ్ళకు తోడయ్యారు. అందుకే ఇక్కడి చాలా ఇళ్ళల్లో డాలస్, చికాగో, న్యూజెర్సీ అన్నవి పరకాల, నర్సంపేటల్లా మాటల్లో దొర్లే పేర్లు.

మరి హన్మకొండ నుంచి డాలస్ ఎంత దూరం? ఇంటర్నెట్‌లో వెతికితే ఓ అంకె వస్తుంది. శంషాబాద్ నుంచి డాలస్‌కు గగనమార్గంలో దాదాపు 14,400 కిలోమీటర్లు. ఆ అంకె నిజమే. కానీ ఆ కారులో కూర్చున్నవాళ్ళకు అది సగం నిజం.

దారం చెప్పే దారి

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే చిన్న సరదా చేసి చూడొచ్చు. ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగాలి. గోడ మీది మ్యాపు చూసి చూసి అమెరికా అంటే పడమట అనుకుంటాం. దారం మాత్రం పడమటికి పోదు. నేరుగా ఉత్తరానికి పోతుంది! ఢిల్లీ మీదుగా వెళ్ళి, హిమాలయాలు దాటి, మధ్య ఆసియా, సైబీరియాల మీదుగా సాగుతుంది. ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల పక్కనుంచి వెళ్ళి, కెనడా మీదుగా టెక్సాస్‌లో దిగుతుంది. భూమి గుండ్రంగా ఉండటం వల్ల వచ్చిన చిత్రమిది. రెండు విమానాశ్రయాల మధ్య దూరం అని పుస్తకాల్లో రాసేది ఈ దారం పొడవునే.

భూమ్మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా 20 వేల కిలోమీటర్లకు మించి దూరం ఉండదు. డాలస్ అందులో పదింట ఏడు వంతుల దూరంలో ఉంది. అంత దూరం ఆగకుండా ఎగరాలంటే విమానం మోసే ఇంధనమే ఓ పెద్ద బరువు. ఆ బరువును మోయడానికి మళ్ళీ ఇంధనం కావాలి. అందుకే నాన్‌స్టాప్ విమానాలు అరుదు. 2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా విమానం నడిపింది. దాదాపు 13,300 కిలోమీటర్లు, పదహారు గంటలకు పైగా ప్రయాణం. తెలుగువాళ్ళు సంబరపడ్డారు. ఆ సర్వీసు ఎక్కువ కాలం నిలవలేదు.

పైగా ఆకాశంలో దారం గీసినంత తేలిగ్గా దారి దొరకదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ విమానాలకు రష్యా తన గగనతలాన్ని మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారత విమానాలకు తలుపులు వేసింది. పైలట్లు ఆ మూసిన తలుపుల చుట్టూ తిరిగి పోవాలి. కిలోమీటర్లూ పెరుగుతాయి... గంటలూ పెరుగుతాయి.

ఇందులో ఓరుగల్లు వాళ్ళకు సంబంధించిన తమాషా ఒకటుంది. వరంగల్ పక్కనే, ఖమ్మం రోడ్డులో మామునూరు దగ్గర ఓ పాత విమానాశ్రయం ఉంది. దారం కొసను శంషాబాద్ మీద కాకుండా మామునూరు మీద పెడితే డాలస్ దూరం 60 కిలోమీటర్లకు పైగా తగ్గుతుంది. అంటే అమెరికాకు వెళ్ళే హన్మకొండ కుర్రాడు శంషాబాద్‌కు చేరడమంటే అమెరికాకు ఇంకాస్త దూరం జరగడమే! ఉత్తరానికి పోవాల్సినవాడు ముందు నైరుతికి పోవాలి.

దూరం ఒక వంతు... సమయం ఐదో వంతు

కారు కదిలింది. కాజీపేట, మడికొండ దాటింది. స్టేషన్ ఘన్‌పూర్, రఘునాథపల్లి వెనక్కిపోయాయి. జనగామ దగ్గర టీ కోసం ఆగారు. అప్పటికే ఇంటి దగ్గరున్న నాయనమ్మ నుంచి రెండు ఫోన్లు.

‘‘ఏడిదాక వచ్చిన్రు బిడ్డా?’’

‘‘జనగామల ఉన్నం. నువ్వు పండుకో.’’

పడుకోదు. పెంబర్తి, ఆలేరు, రాయగిరి... చీకట్లో భువనగిరి గుట్ట. బీబీనగర్ దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కుతారు. అక్కడి నుంచి పెద్ద అంబర్‌పేట, బొంగుళూరు, తుక్కుగూడల మీదుగా శంషాబాద్. మొత్తం 165 కిలోమీటర్ల పైచిలుకు. మూడు గంటలు పడుతుంది. దారిలో లారీ బోల్తాపడినా, వాన పడినా ఇంకో గంట. ఆ భయానికే ఎవరూ లెక్క ప్రకారం బయల్దేరరు. ‘విమానం మనకోసం ఆగుతదా?’ అంటాడు తండ్రి.

ఒంటిగంటకల్లా కుర్రాడు లోపలికి వెళ్ళిపోతాడు. అద్దాల అవతల వాడి వీపు కనిపించినంతసేపు చూసి, తల్లిదండ్రులు వెనక్కి తిరుగుతారు. నాలుగున్నరకు హన్మకొండ ఇంటి తాళం తీసి మంచినీళ్ళు తాగేసరికి... విమానం అప్పుడే నేల వదులుతుంది. సాగనంపడానికి వెళ్ళినవాళ్ళు ఇల్లు చేరాక గానీ ప్రయాణం చేయాల్సినవాడు కదలడు.

ఆ తర్వాత సంగతి విమానాలు చూసుకుంటాయి. దుబాయ్‌కి 2,550 కిలోమీటర్లు, సుమారు నాలుగు గంటలు. అక్కడ ఓ నాలుగు గంటల పడిగాపులు. అక్కడి నుంచి డాలస్‌కు 12,900 కిలోమీటర్లు, పదహారు గంటలు. ఇమిగ్రేషన్, సామాన్లు, ఇంటికి కారు... ఇంకో రెండు గంటలు. హన్మకొండలో కారు ఎక్కింది మొదలు లెక్కేస్తే 33 గంటలు, 15,600 కిలోమీటర్లు.

ఇందులో హన్మకొండ నుంచి శంషాబాద్ దాకా ఉన్న దూరం నూటికి ఒక వంతు. విమానం రన్‌వే మీద పరిగెత్తేలోపు గడిచిన ఏడు గంటలు మాత్రం మొత్తం సమయంలో ఐదో వంతు. ఆ ఏడింటిలో మూడు నాలుగు గంటలు ఏ ఊరివాడికైనా తప్పని ఎదురుచూపులే. మిగిలిన మూడూ వరంగల్ వాసి కట్టే సుంకం!

మోటుపల్లి నుంచి మామునూరు దాకా

ఓరుగల్లుకు ఇది కొత్త కాదు. కాకతీయుల కాలంలో ఈ నగరం నుంచి విదేశాలకు పోవాలంటే మోటుపల్లి రేవే దిక్కు. ఇప్పటి బాపట్ల జిల్లా తీరంలో ఉందది. పక్షి ఎగిరే దారిలో కొలిచినా 250 కిలోమీటర్లకు తక్కువ కాదు. గణపతిదేవుడు 13వ శతాబ్దంలో అక్కడ అభయశాసనం వేయించాడు. సముద్రంలో ఓడ చెడి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే దాన్ని స్వాధీనం చేసుకోబోమని విదేశీ వర్తకులకు భరోసా ఇచ్చాడు. రేవు దూరంగా ఉన్నా దారి నమ్మకంగా ఉండాలని రాజుకు తెలుసు.

గాలిలో దారి మాత్రం ఒకప్పుడు గడప దగ్గరికే వచ్చింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, 1930లలో మామునూరులో విమానాశ్రయం ఏర్పడింది. వరంగల్‌లో ఆజంజాహి మిల్లు నడుస్తున్న కాలమది. నిజాం పెద్ద కొడుకు పేరు పెట్టిన ఆ బట్టల మిల్లు 1934లో మొదలై వేలమందికి అన్నం పెట్టింది. మిల్లుల పనిమీద వచ్చేపోయేవారికి విమానం దిగే చోటు ఉండాలన్నది ఆలోచన. స్వాతంత్ర్యం తర్వాత కూడా కొన్నాళ్ళు మామునూరు రన్‌వే వాడుకలోనే ఉంది. 1980ల నుంచి మూగబోయింది. 2000ల తొలినాళ్ళలో ఆజంజాహి మిల్లూ మూతపడింది. పోలీసు బెటాలియన్ విజిల్ మోతలు తప్ప అటువైపు పెద్ద చప్పుళ్ళు లేకుండా పోయాయి. సుమారు 1.8 కిలోమీటర్ల రన్‌వే గడ్డి మధ్యలో మిగిలింది.

ఐదు కిలోమీటర్లు తక్కువ!

విమానాశ్రయం ఉంది. స్థలం ఉంది. భారత విమానాశ్రయాల సంస్థ చేతిలో 696 ఎకరాలున్నాయి. ఎక్కేవాళ్ళూ ఉన్నారు. మరి విమానం ఎందుకు రాలేదు? కారణాలు చాలానే చెబుతారు. కానీ వరంగల్ వాళ్ళకు బాగా కంఠతా వచ్చిన కారణం ఒక అంకె. 150.

2004 డిసెంబరులో శంషాబాద్ విమానాశ్రయం కోసం జీఎంఆర్ ఆధ్వర్యంలోని సంస్థతో కేంద్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. వేల కోట్లు పెట్టి కడుతున్నప్పుడు పక్కనే ఇంకో విమానాశ్రయం వస్తే ప్రయాణికులు చీలిపోతారని పెట్టుబడి పెట్టేవాళ్ళకు భయం. అందుకని శంషాబాద్ మొదలైన 25 ఏళ్ళదాకా 150 కిలోమీటర్ల గగన దూరంలో పోటీ విమానాశ్రయం రాకుండా ఒప్పందంలో రక్షణ పెట్టుకున్నారు. 2008 మార్చి 23న శంషాబాద్ నుంచి విమానాలు మొదలయ్యాయి. బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. అంటే ఆ గీత 2033 దాకా ఉంటుంది.

మరి శంషాబాద్ నుంచి మామునూరు ఎంత దూరం? రోడ్డు మీద 165 పైచిలుకు. కానీ ఒప్పందం చూసేది రోడ్డును కాదు, ఆకాశాన్ని. గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే దాదాపు 145 కిలోమీటర్లు. ఐదంటే ఐదు కిలోమీటర్లు తక్కువ! నిజాం ఇంజినీర్లు రన్‌వేను ఖమ్మం వైపు ఇంకాస్త జరిపి వేసి ఉంటే ఆ నిబంధన మామునూరును తాకేదే కాదు. వాళ్ళకేం తెలుసు... డెబ్భై ఏళ్ళ తర్వాత ఢిల్లీలో ఎవరో కాగితం మీద వృత్తం గీస్తారని!

ఇంకో చిత్రం. కర్ణాటకలోని బీదర్ శంషాబాద్‌కు ఇంకా దగ్గర. గగన దూరం దాదాపు 124 కిలోమీటర్లే. అక్కడ వైమానిక దళం స్థావరం ఉంది. 2020 ఫిబ్రవరిలోనే బీదర్ నుంచి ప్రయాణికుల విమానం ఎగిరింది. దూరాలన్నీ కిలోమీటర్లతోనే తేలవని అప్పుడు వరంగల్‌కు ఇంకోసారి తెలిసింది.

చివరికి జీఎంఆర్ తమకు అభ్యంతరం లేదని చెప్పింది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం మరో 253 ఎకరాల సేకరణకు రూ.205 కోట్లు మంజూరు చేసింది. 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ మామునూరుకు పచ్చజెండా ఊపింది. రన్‌వేను 2.8 కిలోమీటర్లకు పెంచి, ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటివి దిగేలా చేయాలన్నది ప్రణాళిక. నగరంలో మిఠాయిలు పంచుకున్నారు. ఘనత మాదంటే మాదని పార్టీలు కొట్లాడుకున్నాయి.

నక్కలపల్లి దారి

రన్‌వే పొడిగించాలంటే ఎవరో ఒకరి పొలం మీదుగానే పొడిగించాలి. మామునూరు పక్కన నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడిపల్లి రైతులకు ఈ సంగతి అందరికంటే ముందే తెలుసు. 2025లో వాళ్ళు రోడ్డెక్కారు. పరిహారం సంగతి తేల్చమన్నారు. భూమికి భూమి కావాలన్నవాళ్ళున్నారు. నక్కలపల్లి వాళ్ళది ఇంకో బాధ. రన్‌వే అడ్డంగా వస్తే ఊరికున్న దారి పోతుంది. ‘మా తొవ్వ ఏది?’ అని అడిగారు.

న్యాయమైన ప్రశ్నే. హన్మకొండ నుంచి అమెరికా వెళ్ళేవాడికి మూడు గంటలు కలిసిరావాలంటే, పాలక్యాను పట్టుకుని పొద్దున్నే వరంగల్‌కు పోయే రైతు చుట్టూ తిరిగి పోవాల్సి రావచ్చు. ఒకరి దూరం తగ్గినప్పుడు ఇంకొకరి దూరం పెరగకుండా చూడటం విమానం దించడం కన్నా కష్టం. ప్రత్యామ్నాయ రోడ్డు ముందు వేసి, ఆ తర్వాత పాత దారి మూయడం... కాగితం మీద గీసేవాళ్ళు ముందుగా గీయాల్సిన గీత అది.

ఇంకో మాటా చెప్పుకోవాలి. మామునూరులో విమానం దిగినా అది డాలస్‌కు పోయే విమానం కాదు. శంషాబాద్ రన్‌వే 4.2 కిలోమీటర్లకు పైనే. ఖండాలు దాటే పెద్ద విమానం నిండా ఇంధనంతో లేవాలంటే పొడవైన రన్‌వే కావాలి. మామునూరు నుంచి హైదరాబాద్‌కు విమానం వేసినా పెద్ద లాభం లేదు. నలభై నిమిషాల ప్రయాణానికి గంటన్నర ముందు వెళ్ళి కూర్చోవాలి. దానికంటే కారే నయం. అసలు లాభం ఢిల్లీ, ముంబయి లాంటి చోట్లకు నేరుగా పోగలిగినప్పుడే. అప్పుడు ఉత్తరానికి పోవాల్సినవాడు ఉత్తరానికే పోతాడు.

ఏడిదాక వచ్చిండు?

ఈ లెక్కలన్నీ వెళ్ళేటప్పటివి. సంతోషంగా బయల్దేరేవాడికి మూడు గంటలు ఎక్కువైనా ఫర్వాలేదు. పాటలు వింటూ, జనగామలో టీ తాగుతూ పోవచ్చు. కానీ అదే దారిలో వెనక్కి రావాల్సిన రోజు ఒకటుంటుంది. విదేశాల్లో పిల్లలున్న ప్రతి ఇల్లూ పైకి చెప్పకుండా భయపడే రోజు.

హన్మకొండలో అర్ధరాత్రి అయితే డాలస్‌లో మధ్యాహ్నం. ఆఫీసులో ఉండగా ఫోను మోగుతుంది. వేళకాని వేళ ఇంటి నుంచి ఫోనంటేనే గుండె జారుతుంది. ‘‘బాపు పోయిండు బిడ్డా...’’ అంటుంది అవతలి గొంతు. టికెట్ దొరకాలి. సెలవు చెప్పాలి. వీసా ముద్ర సరిగా లేనివాడైతే వెళ్తే మళ్ళీ రానిస్తారా అని ఆలోచించాలి. అన్నీ కుదిరితే ఒకటిన్నర రోజు. కుదరకపోతే రెండు రోజులు, మూడు రోజులు.

ఇక్కడ ఇంటి ముందు షామియానా వేస్తారు. ఫ్రీజర్ పెట్టె వస్తుంది. వెనకటి రోజుల్లో పొద్దున పోతే మాపటికల్లా కార్యం అయిపోయేది. ఇప్పుడు పెట్టె మీటరు చూసుకుంటూ, కరెంటు పోకుండా జనరేటరు పెట్టుకుంటూ చుట్టాలంతా కూర్చుంటారు. చదువుకోని ముసలమ్మలు కూడా దుబాయ్‌లో విమానం ఎన్నింటికి మారుతుందో చెప్పగలరు. పద్నాలుగు వేల కిలోమీటర్లు దాటి వస్తున్నంతసేపు ఎవరూ పెద్దగా మాట్లాడరు. విమానం గాల్లో ఉన్నప్పుడు చేసేదేమీ లేదు.

శంషాబాద్‌లో దిగాడని ఫోను వచ్చాకే అసలు కదలిక మొదలవుతుంది. సముద్రాలు దాటొచ్చినవాడు ఇంకా 165 కిలోమీటర్లు రావాలి. ప్రయాణమంతట్లో అందరికీ భారంగా గడిచేవి ఈ మూడు గంటలే. వాకిట్లో ఎవరో ఒకరు ఫోను పట్టుకుని ఉంటారు.

‘‘ఏడిదాక వచ్చిండట?’’

‘‘ఘట్‌కేసర్ల దిగిన్రట.’’

కాసేపటికి భువనగిరి. ఆ తర్వాత ఆలేరు. జనగామ దగ్గర కారు ఈసారి టీ కోసం ఆగదు.

స్టేషన్ ఘన్‌పూర్ దాటిందని తెలియగానే పెద్దమనిషి ఒకాయన లేచి, డప్పులవాళ్ళకు కబురు పెట్టమంటాడు. నలుగురు కుర్రాళ్ళు వెదురుబొంగులు ముందరేసుకుని పాడె కట్టడం మొదలుపెడతారు. కారు మడికొండ చేరేసరికి ముళ్ళు బిగించడం అయిపోవాలి.